మగ్గం మాట మెషీన్‌కి అర్థం కావాలంటే

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ విద్య, ఐటీ శాఖల మంత్రి గారికి,

నమస్కారం.

మా పెదనాన్నది చీరాల దగ్గర పల్లె. గుంట మగ్గం మీద నేస్తారు. మొన్న వానలకి గుంటలోకి నీళ్ళొచ్చి పని ఆగిపోయింది. నోటితో చెబితే ఫిర్యాదు రాసుకునే ఫోన్ సేవ ఒకటుందని నేనే ఆయన చేత మాట్లాడించాను. "మగ్గం గుంటలోకి నీళ్ళొచ్చినయ్యి, పడుగు మొత్తం తడిసింది" అన్నారు. పడుగంటే మగ్గం మీది నిలువు దారాలు. తెర మీద "మార్గం గుంటలోకి నీళ్ళు వచ్చినయి, పడవ మొత్తం తడిసింది" అని వచ్చింది. కింద శాఖ పేరు దగ్గర రోడ్లు అని పడింది. ఆయనకి చదువు రాదు. నేను పక్కన లేకపోతే అదే వెళ్ళిపోయేది. "ఏరా, నేను సరిగ్గా చెప్పలేదా?" అని అడిగారు. తప్పు తనదే అనుకున్నారు. ఆ మాట నన్నింకా వదల్లేదు.

తెలుగు మాటని కంప్యూటర్ చేత గుర్తుపట్టించడం మీదే నేను పరిశోధన చేస్తున్నాను కాబట్టి ఇదెందుకు జరిగిందో తెలుసు. మెషీన్ శబ్దాన్ని విని ఊరుకోదు, తను నేర్చుకున్న తెలుగులో ఆ చోట ఏ మాట రావడానికి ఎక్కువ వీలుందో లెక్కేసుకుంటుంది. నేర్చుకున్నదేమో ఎక్కువగా వార్తలు, ఉపన్యాసాలు, కాగితం చూసి చదివిన వాక్యాలు. వాటిలో పడుగుపేకలు పోలికగా ఎప్పుడైనా వస్తాయేమో గానీ పడుగు తెగడం, కండెలు (నూలు చుట్టే చిన్న గొట్టాలు) చుట్టడం, ఆసు పోయడం (నూలుని మేకుల చుట్టూ తిప్పుకోవడం) రావు. అందుకే పెదనాన్న వీధిలో నేను చేసిన రికార్డింగుల్లో "కండెలు అయిపోయినయ్యి" అన్నది "గుండెలు అయిపోయినయి"గా మారింది. పైగా అడ్డదారాన్ని మోసే నాడె ఇటునుంచి అటు దూకే టకటకలో మాట సగం మునిగిపోతుంది. మగ్గం ఆపి మాట్లాడమంటే ఆయనకి రోజు కూలి పోతుంది. దీనికి తోడు కోస్తాలో వచ్చాడు, సీమలో వచ్చినాడు, తెలంగాణలో వచ్చిండు.

ఈ మాటలు ఎవరూ పట్టించుకోనివేం కావు సార్. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం, వ్యవసాయం మీద, 1962లోనే వచ్చింది. 1971లో చేనేత సంపుటం వచ్చింది. ఊరూరూ తిరిగి, పనిచేసేవాళ్ళని అడిగి, ఏ జిల్లాలో ఏ మాటంటారో రాసుకొచ్చారు. కంప్యూటర్ల ఊసే లేని రోజుల్లో భాషాశాస్త్రం చేసిన పని అది. నేను చేనేత సంపుటం ముందు పెట్టుకునే రికార్డింగులు వింటాను. పెదనాన్న మాట అందులో దొరికినప్పుడు కలిగే ధైర్యం ఇంతా అంతా కాదు. అయితే పుస్తకంలో పదం ఉంది, గొంతు లేదు. ఇప్పుడు కావలసింది ఆ గొంతే.

ఇది అయ్యే పనేనని చూపించినవాళ్ళూ ఉన్నారు. ఐఐటీ మద్రాస్‌లోని ఏఐ4భారత్ బృందం 22 భాషల్లో మామూలు జనం మాటలు రికార్డు చేసి అందరికీ అందుబాటులో పెట్టింది. మన భాషల్లో మాటని గుర్తుపట్టడానికి, అనువాదం చేయడానికి కేంద్రం 2022లో భాషిణి అనే వేదిక మొదలుపెట్టింది. వృత్తుల మాట కోసం మాత్రం మన రాష్ట్రమే పూనుకోవాలి.

విద్య, ఐటీ రెండూ మీ చేతిలోనే ఉన్నాయి కాబట్టి అడుగుతున్నాను. నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళం ట్రిపుల్ ఐటీల్లో పదో తరగతి కాగానే పల్లెల నుంచి వచ్చి చేరిన పిల్లలున్నారు. వాళ్ళ ఇళ్ళల్లో మగ్గాలున్నాయి, వలలున్నాయి, కుమ్మరి సారెలున్నాయి. కుప్పం ద్రావిడ విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్రం చెప్పే గురువులున్నారు. ఈ ఇద్దరినీ కలపండి. పిల్లలు సెలవులకి వెళ్ళినప్పుడు సొంత అమ్మమ్మతో, తాతతో మాట్లాడి రికార్డు చేసుకొస్తారు. బయటివాళ్ళకి బిగుసుకుపోయి జవాబిచ్చే మనిషి మనవరాలితో మామూలుగా మాట్లాడతాడు, నేను కళ్ళారా చూశాను. ఆ పనికి మార్కులివ్వండి. మాట్లాడినవాళ్ళకి పోయిన కూలి ఇవ్వండి, ముందుగా వాళ్ళ అనుమతి తీసుకోండి. ప్రభుత్వ డబ్బుతో వాయిస్ సేవ తయారుచేసే ప్రతి కంపెనీ, అనుమతి ఉన్నంతవరకు, సేకరించిన మాటలని విశ్వవిద్యాలయాలకి ఇవ్వాలని టెండర్‌లోనే రాయండి.

ఇంకో బాధ కూడా చెప్పాలి. మాటలు సేకరిస్తే కంప్యూటర్ విభాగంలో "ఇందులో రీసెర్చ్ ఏముంది?" అంటారు. ప్రోగ్రాం రాసుకుని భాషాశాస్త్రం వాళ్ళ దగ్గరికి వెళితే అది మా సబ్జెక్ట్ కాదంటారు. ఏ గైడ్ దగ్గర చేరాలో తెలియని టెన్షన్‌లో నాకు ఒక ఏడాది పోయింది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో కంప్యూటర్ సైన్స్, కంప్యుటేషనల్ భాషాశాస్త్రం కలిపి ఒకే కోర్సుగా చెబుతున్నారు. అలాంటిది మన ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో కనీసం ఒక్కచోటైనా పెట్టించండి.

నా దగ్గర పెదనాన్నవి, ఆ వీధిలోని మరో నలుగురివి కలిపి 11 గంటల మాటలున్నాయి. ఒక గంట మాట విని తప్పుల్లేకుండా రాయడానికి రెండు రోజులు పడుతోంది. వాళ్ళందరూ ఒప్పుకున్నారు, మీ శాఖ ఎప్పుడడిగినా ఇస్తాను. పెదనాన్న ఫిర్యాదు మాత్రం చివరికి తెల్లకాగితం మీద నేనే రాసి, ఆయన చేత వేలిముద్ర వేయించి ఇచ్చొచ్చాను.

ఇట్లు,
ఒక చేనేత ఇంటి పరిశోధక విద్యార్థి