డికెటి భూమికి ముందు తహశీల్దారు, తర్వాతే కోర్టు

సంపాదకులకు,

చిత్తూరు, తిరుపతి జిల్లాల దళితవాడల్లో డికెటి భూమి (అమ్మకూడదన్న షరతుతో ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ భూమి) చెయ్యి జారితే వారసులు నేరుగా వకీలు దగ్గరికి వెళ్లి, ఎదుటివాణ్ని భూమిలోకి రాకుండా ఆపమని ఇంజంక్షన్ దావా వేస్తున్నారు. ఆ దావాలో కోర్టు మొదట చూసేది భూమి ఎవరి స్వాధీనంలో ఉందన్నదే. భూమిని అప్పుకింద వదిలి ఎప్పుడో దున్నడం మానేసిన కుటుంబం అక్కడే ఓడిపోతోంది.

1977 అసైన్డ్ భూముల చట్టం దారి వేరు. పట్టాదారో వారసులో కాక మరొకరు భూమిలో ఉంటే, సెక్షన్ 4 ప్రకారం చట్టాన్ని మీరినట్టే లెక్క. కాదని రుజువు చేసుకోవాల్సింది ఆ అనుభవదారే. అడంగల్లో (ఏ భూమి ఎవరు సాగు చేస్తున్నారో రాసే గ్రామ లెక్కలో) ఎదుటివాడి పేరు ఎక్కిందని మనవాళ్లు హడలిపోతారు గానీ, తహశీల్దారు ముందు అదే మన సాక్ష్యం. అమ్మకమే కాదు, భోగ్యమూ కౌలూ కూడా చెల్లవు. చట్టం రాకముందే నమ్మకంతో సొమ్మిచ్చి కొన్న భూమిలేని పేదకు మాత్రం మినహాయింపు ఉంది. 1954 జూన్ 18కి ముందు అమ్మకూడదన్న షరతు లేకుండా ఇచ్చిన పట్టాలకూ ఈ నిషేధం వర్తించదు. కాబట్టి పట్టా తేదీ, వెనకున్న షరతులు ముందు చదవాలి.

తహశీల్దారుకిచ్చే అర్జీకి అసైన్‌మెంట్ రిజిస్టరు (పట్టాలిచ్చిన లెక్క), 10(1) గ్రామ ఖాతా, పాత అడంగళ్ల సర్టిఫైడ్ నకళ్లు, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం జత చేయాలి. 2024 జూలైలో మదనపల్లె సబ్ కలెక్టర్ కార్యాలయంలో దస్త్రాలు కాలిపోయాక కూడా నకళ్లు తీసిపెట్టుకోని వాళ్లను ఏమనాలి? వారసులందరూ సంతకం పెట్టాలి. ఒక్క అన్నదమ్ముడు ఎదుటివైపు వేలిముద్ర వేసినా ఫైలు అక్కడే ఆగుతుంది.

అసలు చిక్కు సర్వేలో ఉంది. పట్టాలో 'ఫలానా సర్వే నంబరులో 2 ఎకరాలు' అని ఉంటుంది గానీ ఆ ముక్కకు విడి నంబరు (సబ్‌డివిజన్) ఉండదు, ఎఫ్ఎంబీలో (సర్వే కొలతల పటంలో) గీత ఉండదు. పక్కరైతు మామిడి మొక్కలు నాటుకుంటూ ఏటా కొంచెం జరుగుతాడు. రేపు తహశీల్దారు ఉత్తర్వు ఇచ్చినా ఏ రాయి నుంచి ఏ రాయి దాకా అప్పగించాలో తేలదు. అందుకే కొలతల దరఖాస్తు అర్జీతో పాటే పెట్టాలి.

ఇంకోటి. భూమిని వారసులకు అప్పగించడం కుదరదనుకుంటే ప్రభుత్వమే వెనక్కి తీసుకోవచ్చు. మాకు వేరే భూమి లేదు, మేమే సాగు చేసుకుంటామని అర్జీలోనే రాయాలి. ఉత్తర్వు వ్యతిరేకంగా వస్తే ఆర్డీవోకు అప్పీలు గడువు 90 రోజులు.

20 ఏళ్లు నిండిన సాగు భూమిని అమ్ముకోవచ్చన్న 2023 సవరణ చూపించి రిజిస్టరు కాని పాత తెల్లకాగితపు అమ్మకాలు బయటికి తీస్తున్నారు. ఆ హక్కు పట్టాదారుకూ వారసులకూ ఇచ్చిందే గాని కాగితం రాయించుకున్నవాడికి కాదు. ఆ సవరణ కింద అమ్ముకునే హక్కు వచ్చిన (ఫ్రీహోల్డు) భూముల రిజిస్ట్రేషన్లను కూడా 2024లో ప్రభుత్వం ఆపింది.

ఎస్సీ, ఎస్టీలకు కేటాయించిన భూమిని ఆక్రమిస్తే ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల (అట్రాసిటీ) నిరోధక చట్టం కింద 6 నెలల నుంచి 5 ఏళ్ల జైలు. 'ఇది సివిల్ తగాదా' అని స్టేషన్లో వెనక్కి పంపితే ఎస్పీకి రాతపూర్వకంగా ఇచ్చి రశీదు తీసుకోండి.

ఒక పాఠకుడు, పుత్తూరు