వార్షిక నివేదిక: కడప, కర్నూలు రాతిపొరల వరుస సవరణ

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన సంఘం కొత్త ప్రాంతాల జోలికి పోలేదు. పాత క్షేత్ర పుస్తకాల్లో రాసుకున్న పొరల పేర్లను సరిచూసి దిద్దడమే ప్రధాన కార్యక్రమం. రాయిని చూడగానే పొరకు పేరు పెట్టేయడం మనలో చాలామందికి అలవాటు, తప్పులు ఎక్కువగా అక్కడే దొర్లాయి. కింద ఏముంది, పైన ఏముంది అన్నది చూడకుండా ఇకమీదట ఏ పొరకూ పేరు రాయవద్దని తీర్మానించాం.

1872లో భూవిజ్ఞాని విలియం కింగ్ ప్రచురించిన వరుసే నేటికీ పునాది. కడప బేసిన్ (పూర్వం పొరలు పేరుకున్న పల్లపు ప్రాంతం) పడమటి భాగంలో గ్రానైట్ మీద మొదట గుల్చేరు క్వార్ట్జైట్ (గట్టిపడిన ఇసుకరాయి; గుల్చేరు అంటే మన గువ్వలచెరువే), దానిపైన వేంపల్లి డోలమైట్ (మెగ్నీషియం కలిసిన, సున్నపురాయి లాంటి రాయి), ఆపైన పులివెందుల క్వార్ట్జైట్, తాడిపత్రి షేల్ (బురద గట్టిపడి ఏర్పడిన పలుచని పొరల రాయి), గండికోట క్వార్ట్జైట్. పులివెందుల దగ్గర తాడిపత్రి పొరల్లోకి చొచ్చుకొచ్చిన అగ్నిశిల వయసు సుమారు 188.5 కోట్ల ఏళ్లని తేలింది. అంటే ఆ పొరలు అంతకంటే పాతవి. కర్నూలు వర్గం పొరలు వీటన్నిటికంటే వయసులో చాలా చిన్నవి. బనగానపల్లె క్వార్ట్జైట్, నర్జి సున్నపురాయి, ఔకు షేల్, పాణ్యం క్వార్ట్జైట్, కోయిలకుంట్ల సున్నపురాయి, నంద్యాల షేల్: కింది నుంచి పైకి ఇదీ దాని వరుస. మన ఊళ్ల పేర్లే శాస్త్రంలో నిలిచాయి కాబట్టి వాటిని తప్పుగా వాడకుండా చూసే బాధ్యత మనకు ఇంకాస్త ఎక్కువ.

ఎక్కువ దిద్దుబాట్లు గులకరాతి పొరల దగ్గరే పడ్డాయి. గుల్చేరు అడుగున ఉండే గులకల్లో గ్రానైట్ ప్రాంతం నుంచి వచ్చిన తెల్ల క్వార్ట్జ్ ఎక్కువ. చెర్ట్ (చెకుముకి రాయి లాంటి గట్టి రాయి) గులకలు కనబడితే చాలు, అది వజ్రాలకు పేరుపడ్డ బనగానపల్లె పొరేనని కొందరు రాశారు. ఆ గుర్తు ఒక్కటీ చాలదు. వేంపల్లి డోలమైట్‌లోని చెర్ట్ కోతకు గురై పులివెందుల అడుగునా చేరింది. పైన తాడిపత్రి షేల్ ఉంటే అది పులివెందుల, నర్జి సున్నపురాయి ఉంటే బనగానపల్లె.

వేంపల్లి డోలమైట్‌నూ నర్జినీ విడదీయడానికి పది శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లం చాలు. ఒక పాలు గాఢ ఆమ్లానికి మూడు పాళ్ల నీళ్లు. నీళ్లలోకే ఆమ్లం పోయాలి, తిరగేస్తే చిమ్ముతుంది. చుక్క పడగానే నర్జి బుసబుస పొంగుతుంది. డోలమైట్ దాదాపు కదలదు, గీకి పొడి చేస్తే మెల్లగా పొంగుతుంది. పొడి రాలిన చోట చుక్క వేసి డోలమైట్‌ను సున్నపురాయిగా రాసిన సందర్భాలు దొరికాయి. ముందు రాతిని విరిచి, పొడి తుడిచి, తాజా ముఖం మీదే వేయండి.

నర్జి, కోయిలకుంట్ల మాత్రం రెండూ సున్నపురాళ్లే, రెండూ పలకలుగా లేస్తాయి. ఆమ్లం ఇక్కడ తీర్పు చెప్పదు. మధ్యలో 10–15 మీటర్ల ఔకు షేల్, దానిమీద గుట్టల తలపై గోడలా నిలిచే పాణ్యం క్వార్ట్జైట్ ఉంటాయి. వాటికి కిందిది నర్జి, పైది కోయిలకుంట్ల. ఆ షేల్, క్వార్ట్జైట్ రెండూ కనబడని చోట పుస్తకంలో ‘సున్నపురాయి’ అని మాత్రమే రాసి వదిలేయడం నిజాయితీ.

మందాల లెక్కల్లోనూ పొరపాట్లున్నాయి. చదును నేల మీద, స్ట్రైక్‌కు (వాలిన పొర మీద సమతలంగా సాగే గీత దిశకు) లంబంగా 100 మీటర్లు నడిస్తే, పొర వాలు 15 డిగ్రీలైనప్పుడు అసలు మందం 26 మీటర్లే (100 × సైన్ 15). స్ట్రైక్‌కు ఏటవాలుగా నడిచిన దూరాన్ని ముందు లంబ దూరంగా మార్చుకోవాలి.

నల్లమల పడమటి అంచులో ‘కిందిది పాతది’ అన్న సూత్రం చెల్లదు. అక్కడ పాత నల్లమల పొరలు పడమటికి తోసుకొచ్చి కర్నూలు పొరల మీదికెక్కాయి. అలల గుర్తులు, అడ్డపొరలు (పొర లోపల ఏటవాలుగా కనబడే సన్న పొరలు) చూసి పొర తలకిందులైందో లేదో తేల్చాకే వరుస రాయాలి. వచ్చే ఏడాది పని అక్కడే. నమూనా తీసే ముందే రాతిమీద పైవైపుకు బాణం, స్ట్రైక్ గీత వేయండి. ఊడదీశాక వేసిన గుర్తులను నమోదు చేయబోం.