టీనేజ్ షెల్ఫ్ మొత్తం మార్చేశాం, కాస్త ఓపిగ్గా చదవండి

అందరికీ నమస్తే అండి. ఈసారి ఆఫర్లు ఏం లేవు, ముందే చెప్పేస్తున్నా, ఆఫర్ కోసం వచ్చినవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. మన పుస్తకాల షాపులో టీనేజ్ పిల్లలకి పుస్తకాలు కొనేవాళ్ళకి ఒక మార్పు గురించి చెప్పాలి. పుస్తకాల మీద అంటించే 10+, 12+, 14+ అనే వయసు స్టిక్కర్లు అన్నీ పీకేశాం. వాటి బదులు ప్రతి పుస్తకంలో ఒక చీటీ పెడుతున్నాం, దాంట్లో రాసేవి మూడే సంగతులు. కథలో మనసుని కష్టపెట్టేది ఏముందో (చావు, కొట్లాట, డ్రగ్స్, లైంగిక దాడి, ఏదైనా సరే దాచకుండా), చదవడానికి ఎంత ఓపిక కావాలో, ఈ ఒక్క పుస్తకంతో కథ తేలిపోతుందో లేక ఇంకో మూడు కొంటేగానీ తేలదో.

ఎందుకు పీకేశాం అంటే ఆ నంబర్ చూస్తే ఏం తెలీట్లేదండి. మార్కస్ జూసాక్ రాసిన 'ది బుక్ థీఫ్' 2005లో ఆస్ట్రేలియాలో పెద్దవాళ్ళ నవలగా వచ్చింది, మరుసటి ఏడాది అమెరికాలో అదే కథని టీనేజర్ల పుస్తకంగా వేశారు. అంటే పబ్లిషర్ ఏ అరలో పెడితే అదే దాని వయసు. ఇటు లోయిస్ లౌరీ రాసిన 'ది గివర్' చూడండి, 1993లో వచ్చింది, సన్నటి పుస్తకం, తేలిక భాష, హీరో జోనస్‌కి పన్నెండేళ్ళు, అందుకని చిన్నపిల్లల స్టిక్కర్ పడిపోతుంది. లోపలేమో నొప్పి, ఆకలి, గొడవ ఏవీ లేకుండా కట్టుకున్న ఒక సమాజం, అక్కడ రంగులు కూడా కనిపించవు, పాత జ్ఞాపకాలన్నీ ఒక్క మనిషి మోస్తాడు మిగతావాళ్ళు హాయిగా ఉంటారు, ఇప్పుడు ఆ మోసే పని ఈ కుర్రాడి నెత్తిన పడుతుంది. వాళ్ళ ఊళ్ళోంచి ఎవర్నైనా పంపించేస్తే వాళ్ళు నిజంగా ఎక్కడికి పోతున్నారో జోనస్ కళ్ళారా చూసే చోటు ఒకటుంది, నేనైతే అక్కడ పుస్తకం మూసి కాసేపు అలా కూర్చుండిపోయా. 1994లో దీనికి న్యూబెరీ మెడల్ (అమెరికాలో పిల్లల పుస్తకాలకి ఇచ్చే పెద్ద అవార్డు) ఇచ్చారు, అదే దశాబ్దంలో అమెరికా లైబ్రరీల్లో ఎక్కువ అభ్యంతరాలు వచ్చిన పుస్తకాల్లోనూ ఇది ఉంది. పదేళ్ళ పిల్ల చదివేసి హాయిగా నిద్రపోవచ్చు, పదహారేళ్ళవాడు రెండ్రోజులు ముభావంగా తిరగొచ్చు, ఇక దీనికి ఏ నంబర్ వెయ్యమంటారు చెప్పండి. ముగింపు తేల్చి చెప్పదు, అది అస్సలు గిట్టనివాళ్ళు ఉంటారు కాబట్టి చీటీలో ఆ మాట కూడా రాశాం.

ఇంకోటి ఓపెన్‌గా చెప్పాలి. మన అద్దె కట్టేది పెద్ద హిట్ సిరీస్‌లే, వాటిని చిన్నచూపు చూసే ఉద్దేశం నాకు లేదు. 'ది హంగర్ గేమ్స్' 2008లో వచ్చింది, టీవీ షో కోసం పిల్లల్ని ఒకళ్ళనొకళ్ళు చంపుకునేలా చేసే కథ, హీరోయిన్ ఆయుధం విల్లు బాణం, ఇప్పటికీ ఎవరైనా అడిగితే నిస్సంకోచంగా ఇస్తా, టీవీలో ఒక ఛానల్లో రియాలిటీ షో, పక్క ఛానల్లో యుద్ధం వార్తలు అటూ ఇటూ మారుస్తుంటే సుజాన్ కాలిన్స్‌కి ఆ ఆలోచన వచ్చిందట, హింసని వినోదంలా చూడడం మీద ఆవిడ కోపం మొదటి పుస్తకంలో బాగా కనిపిస్తుంది. నాకు ఇబ్బంది ఎక్కడంటే బాక్స్ సెట్ల దగ్గర. పుట్టినరోజు గిఫ్ట్ అని మొత్తం సెట్ కొంటారు, మొదటిది సగం కూడా అవ్వదు, మిగతావి ప్లాస్టిక్ కవర్ కూడా విప్పకుండా అలాగే ఉంటాయి. మాకు లాభం సెట్ మీదే ఎక్కువ, అయినా ఇకనుంచి మొదటి పుస్తకం విడిగానే ముందు చూపిస్తాం, నచ్చితే రెండోదానికి వాళ్ళే పరిగెత్తుకొస్తారు. ఒక హిట్ కొట్టగానే దాని వెనకాలే అదే అట్ట, అదే బాణం, అదే ఇద్దరబ్బాయిల మధ్య ఊగిసలాడే అమ్మాయి అంటూ వచ్చే పుస్తకాలు కూడా బాగా తగ్గించేశాం. అడిగితే తెప్పిస్తాం, నేనుగా మాత్రం చేతిలో పెట్టను.

ఇక నేనుగా చేతిలో పెట్టేవి ఏంటో చెప్తా.

"మావాడు అసలు పుస్తకం ముట్టుకోడండి" అని వచ్చేవాళ్ళే మనకి ఎక్కువ. వాళ్ళకి నేను ముందు ఇచ్చేది జేసన్ రెనాల్డ్స్ 'లాంగ్ వే డౌన్', 2017లో వచ్చింది. విల్ అనే పదిహేనేళ్ళ కుర్రాడు, వాళ్ళన్నని ఎవరో కాల్చి చంపేస్తారు. వాళ్ళ వీధిలో కొన్ని రూల్స్ ఉంటాయి, ఏడవకూడదు, ఎవరి పేరూ బయటపెట్టకూడదు, పగ తీర్చుకోవాలి. అన్న తుపాకీ నడుముకి పెట్టుకుని లిఫ్ట్ ఎక్కుతాడు, ఆ లిఫ్ట్ కిందకి దిగే ఒక్క నిమిషమే కథ మొత్తం, ఒక్కో అంతస్తులో ఒక్కొక్కరు ఎక్కుతారు, ఎక్కేవాళ్ళంతా ఈపాటికే చనిపోయినవాళ్ళు. మొత్తం కవితల్లో ఉంటుంది, అంటే పేజీకి కొన్ని లైన్లే. చూడ్డానికి లావుగా ఉండి గంట గంటన్నరలో అయిపోయే పుస్తకం ఇది, "నేను ఒక పుస్తకం పూర్తి చేశా" అనే ఫీలింగ్ చదవనివాడికి ఎంత పెద్ద విషయమో చదివే అలవాటున్న మనకి గుర్తుండదు. తల్లిదండ్రులు "తుపాకీ అంటున్నారు కదా, హింస నేర్పదా" అంటారు, చదివి చూడండి, బొత్తిగా ఉల్టా. చివరి పేజీ దగ్గర పిల్లలు కొట్టుకుంటారు, దిగి వెళ్ళాడా లేదా అని, మా కౌంటర్ దగ్గరే ఈ గొడవ విన్నా.

అదే దారిలో నెమ్మదిగా వెళ్ళాలనుకునేవాళ్ళకి లూయిస్ సాకర్ 'హోల్స్' ఉంది, 1998. చేయని దొంగతనానికి స్టాన్లీ అనే అబ్బాయిని ఎడారి క్యాంపుకి పంపుతారు, అక్కడ రోజుకో గొయ్యి తవ్వాలి, అయిదడుగుల లోతు అయిదడుగుల వెడల్పు, అసలు కారణం మాత్రం చెప్పరు. సరదాగా మొదలవుతుంది, మధ్యలో వాళ్ళ తాతముత్తాతల కథలు ఏవో వస్తాయి, ఇవన్నీ ఎందుకురా బాబూ అనుకునేలోపు అన్నీ వచ్చి ఒకేచోట కూర్చుంటాయి. ఒక్క ముక్క కూడా వేస్ట్ పోదు. ఇంట్లో అందరూ కలిసి చదవడానికి ఇంతకంటే మంచిది నా దగ్గర లేదు.

ఎస్.ఇ. హింటన్ 'ది అవుట్‌సైడర్స్' గురించి మాత్రం కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే టీనేజర్ల కోసం విడిగా ఇలాంటి పుస్తకాలు రావడానికి ఇదొక పెద్ద కారణం అంటారు. రాయడం మొదలుపెట్టినప్పుడు ఆవిడ వయసు 15, 1967లో పుస్తకం వచ్చేసరికి 18. ఆడపిల్ల పేరు చూసి మగ రివ్యూయర్లు పక్కన పడేస్తారేమో అని పబ్లిషర్ ఇనీషియల్స్‌తో వేశారు. డబ్బున్న కుర్రాళ్ళు ఒకవైపు, లేనివాళ్ళు ఒకవైపు, మధ్యలో అమ్మానాన్న పోయి అన్నల దగ్గర పెరుగుతున్న పద్నాలుగేళ్ళ పోనీబాయ్. భాషలో అక్కడక్కడ అతి ఉంది, ఏడుపులు ఎక్కువ, అన్నీ నిజమే, పదిహేనేళ్ళవాళ్ళు రాస్తే అలాగే ఉంటుంది, అందుకే అదే వయసువాళ్ళకి అంతలా అంటుకుంటుంది. రాయాలని ఆశ ఉన్న పిల్లలుంటే ముందు ఇది ఇవ్వండి, రైటింగ్ క్లాసులు తర్వాత.

ప్యాట్రిక్ నెస్ 'ఎ మాన్‌స్టర్ కాల్స్' కొనేటప్పుడు ఒక జాగ్రత్త. దీనికి బొమ్మలున్న ఎడిషన్, బొమ్మల్లేని ఎడిషన్ రెండూ ఉన్నాయి, మేం జిమ్ కే బొమ్మలున్నదే పెడుతున్నాం, రేటు కాస్త ఎక్కువైనా అదే తీసుకోండి, ఆ నలుపు తెలుపు బొమ్మలు లేకపోతే సగం పుస్తకం పోయినట్టే. 2012లో రచనకి కార్నెగీ, బొమ్మలకి గ్రీనవే, పిల్లల పుస్తకాలకి బ్రిటన్‌లో ఇచ్చే ఈ రెండు మెడల్స్ ఈ ఒక్క పుస్తకానికే వచ్చాయి. ఈ ఐడియా అసలు షివాన్ డౌడ్ అనే రచయిత్రిది, ఆవిడ 2007లో క్యాన్సర్‌తో పోయారు, ఆ మొదలుని తీసుకుని నెస్ రాశాడు. కథ కూడా క్యాన్సర్‌తో ఉన్న అమ్మ, పదమూడేళ్ళ కొడుకు కానర్, రాత్రి 12:07కి కిటికీ దగ్గరకొచ్చే చెట్టు రాక్షసుడు. రాక్షసుడు మూడు కథలు చెప్తాడు, నాలుగోది కానర్ చెప్పాలి, అది వాడు ఎవరికీ చెప్పుకోలేని నిజం. ఇంట్లో ఎవరికైనా పెద్ద జబ్బు ఉన్న పిల్లలకి ఇవ్వాలా వద్దా అని చాలామంది అడుగుతారు. నా మాట, ముందు మీరు చదవండి, తర్వాత వాడికి కనపడేచోట పెట్టి వదిలేయండి, "చదివావా ఎలా ఉంది" అని వెంటపడొద్దు.

అమ్మాయిల తల్లిదండ్రులతో నాకు మాట పట్టింపు వచ్చేది లారీ హాల్స్ ఆండర్సన్ 'స్పీక్' దగ్గర. 1999 పుస్తకం. హైస్కూల్ మొదటి ఏడాది, మెలిండా ఎవరితోనూ మాట్లాడదు, వేసవిలో ఒక పార్టీకి పోలీసుల్ని పిలిచిందని ఫ్రెండ్స్ అందరూ వెలేశారు, ఎందుకు పిలిచిందో ఒక్కరూ అడగలేదు. ఆమె మీద జరిగింది అత్యాచారం, చీటీలో ఆ మాటే రాశాం, చుట్టూ తిప్పి రాయలేదు. "ఇవన్నీ ఇప్పుడే ఎందుకండి, మంచి పుస్తకం ఇవ్వండి" అంటారు, మంచిది అంటే లోపల ఏం జరగనిది అని వాళ్ళ అర్థం. నేను బలవంతం చేయను, వద్దంటే వద్దు. కానీ ఇది అబ్బాయిలకి కూడా ఇవ్వాల్సిన పుస్తకం అని మాత్రం ప్రతిసారీ అంటా, ఎవరేమనుకున్నా. పైగా మెలిండాకి వెటకారం చాలా ఎక్కువ, ఇంత బరువైన కథలో నవ్వు వస్తుందని ఎవరూ అనుకోరు.

ఫ్యాంటసీ అడిగేవాళ్ళకి అర్సులా లె గ్విన్ 'ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ', 1968. మాంత్రికులంటే ఎప్పుడూ తెల్లగడ్డం ముసలాళ్ళే కదా, వాళ్ళు కుర్రాళ్ళుగా ఉన్నప్పుడు ఎలా ఉండేవాళ్ళో అనే ప్రశ్న నుంచి పుట్టింది. గెడ్ అనే కుర్రాడు పొగరుకి పోయి వదిలిన నీడ వాడినే వెంటాడుతుంది, పెద్ద పెద్ద యుద్ధాలు ఏం లేవు, శత్రువు వాడిలోనే ఉంది. గెడ్‌ది రాగి రంగు ఒళ్ళు అని పుస్తకంలో స్పష్టంగా ఉంటే అట్టల మీద ఏళ్ళ తరబడి తెల్లవాడిగా వేశారు, ఆవిడ దాని మీద చాలాసార్లు అసహనం చూపించింది కూడా. వేగంగా పరిగెత్తే కథ కావాలంటే ఇది వద్దు, మొదటి ముప్పై పేజీలు నిదానం.

'ది బుక్ థీఫ్' కూడా అంతే, 500 పేజీలు దాటుతుంది, నాజీల కాలం జర్మనీ, కథ చెప్పేది మృత్యువు, ఎవరు చనిపోతారో ముందే చెప్పేస్తుంది, అయినా చివరికొచ్చేసరికి తట్టుకోలేం. సెలవులకి ముందు కొనండి, పరీక్షల ముందు కాదు.

పద్ధతి విషయానికొస్తే, 50 పేజీలు చదివి నచ్చకపోతే మార్చి ఇంకోటి ఇస్తాం, పేజీలు మడతపెట్టకుండా ఉంటే చాలు. వెనక్కొచ్చిన కాపీని కొత్తదని అమ్మం, అది విడిగా తక్కువ రేటుకి పెడతాం. ఆర్డర్ పెట్టేటప్పుడు పిల్లల వయసు, మార్కులు రాయకండి, ఆఖరుగా పూర్తిగా చదివిన పుస్తకమో, మళ్ళీ మళ్ళీ చూసిన సినిమానో, గంటలు గంటలు ఆడే గేమో ఏదో ఒకటి రాయండి, మధ్యలో వదిలేసింది ఏంటో కూడా రాస్తే ఇంకా మంచిది, నాకు దాంతోనే ఎక్కువ తెలుస్తుంది. వీలైతే ఆ మెసేజ్ పిల్లల్నే పెట్టమనండి.

మర్జానే సత్రపి 'పర్సెపొలిస్' ప్రస్తుతానికి అయిపోయింది, ఇరాన్ విప్లవం తర్వాత పదేళ్ళ పిల్లగా ఉన్నప్పటి నుంచి తను చూసింది నలుపు తెలుపు బొమ్మల్లో గీసుకున్న కథ అది, చాలామంది అడుగుతున్నారు. ఈసారి రెండు భాగాలూ కలిపిన 'ది కంప్లీట్ పర్సెపొలిస్' తెప్పిస్తున్నాం, విడి భాగాలే కావాలనేవాళ్ళు ఈ వారంలోపు చెప్పండి, తర్వాత చెప్తే మళ్ళీ ఆర్డర్ వెళ్ళేదాకా ఆగాల్సి వస్తుంది.