టోర్నమెంటు కన్నా ముందు మైదానం: మన క్రీడా సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

గత సర్వసభ్య సమావేశంలో ఒక ప్రతిపాదన వచ్చింది. సంఘం నిధిలో ఎక్కువ భాగం వెచ్చించి సంక్రాంతికి పెద్ద క్రికెట్ టోర్నమెంటు జరుపుదామని, పేరున్న ఆటగాడు ముఖ్య అతిథిగా వస్తే పిల్లలందరూ ఆటల వైపు మళ్లుతారని కొందరు అన్నారు. కావాలన్నవారూ వద్దన్నవారూ దాదాపు సమానంగా ఉండటంతో, ఈ విషయంలో పరిశోధకులు ఏం తేల్చారో చదివి చెప్పమని మీరు కార్యవర్గానికి అప్పగించారు. ఈ ఏడాది మన పనిలో సగం ఆ చదువే కాబట్టి నివేదికలోనూ దానికి పెద్ద పీట వేశాను.

నెలకొక ఆదివారం గ్రంథాలయం గదిలో కూర్చున్నాం. మన సభ్యురాలు, పదవీ విరమణ చేసిన అర్థశాస్త్ర అధ్యాపకురాలు ఒక్కో వ్యాసాన్ని తెలుగులో విడమరచి చెప్పేవారు. ఆటల అర్థశాస్త్రానికి మొదటి మెట్టుగా చెప్పే వ్యాసం 1956 నాటిది. అమెరికా బేస్‌బాల్ ఆటగాళ్ల జీతాలపై సైమన్ రాటెన్‌బర్గ్ రాశారు. మాకు బాగా పట్టుబడింది మాత్రం 1964లో వాల్టర్ నీల్ రాసినది. మామూలు వ్యాపారికి పోటీదారు దెబ్బతింటే లాభం. ఆటలో అది తారుమారవుతుంది. బాక్సర్ జో లూయీకి మాక్స్ ష్మెలింగ్ వంటి గట్టి ప్రత్యర్థి ఉంటేనే జనం వస్తారు, డబ్బు వస్తుంది. మేటి ఆటగాళ్లందరినీ ఒకే జట్టు కొనేయకుండా ఐపీఎల్ 2008 వేలంలో ఒక్కో జట్టు ఖర్చుకు 50 లక్షల డాలర్ల పరిమితి పెట్టడం వెనక ఉన్న ఆలోచన కూడా ఇదే.

దీన్ని మన వాలీబాల్ పోటీల్లో వెంటనే ఆచరణలో పెట్టాం. ఇదివరకు వీధుల వారీగా జట్లు ఉండేవి. ఏటా ఒకే వీధి గెలిచేది, మూడో వారానికల్లా మిగిలిన జట్లకు ఆడేవారే కరువయ్యేవారు. ఈసారి ఆటగాళ్లందరి పేర్లూ రాసి, కెప్టెన్లు వంతులవారీగా ఎంచుకునేలా చేశాం. మొదటి వంతులో చివరన ఎంచుకున్న కెప్టెన్‌కు రెండో వంతులో ముందు అవకాశం ఇచ్చాం. చివరి ఆదివారం దాకా విజేత ఎవరో తేలలేదు. మధ్యలో మానేసిన జట్టు ఒక్కటీ లేదు.

ఇక అసలు ప్రశ్న. గొప్ప ఆటగాళ్లను చూస్తే జనం ఆటల్లోకి వస్తారా? 2012 లండన్ ఒలింపిక్స్‌కు ముందు అక్కడి ప్రభుత్వం ఒక తరాన్నే ఆటల వైపు నడిపిస్తామంది. అంతకు ముందు జరిగిన పెద్ద క్రీడోత్సవాలను పరిశీలించినవారి మాట వేరు. ఇప్పటికే ఆడేవారు ఇంకొంచెం ఎక్కువ ఆడతారు, మానేసినవారిలో కొందరు తిరిగి వస్తారు, ఎన్నడూ ఆడనివారు మాత్రం చూసినంత మాత్రాన కదలరు.

దీనిపై సభ్యులు గట్టిగానే వాదించారు. మరి హైదరాబాద్ బాడ్మింటన్ సంగతి ఏమిటని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ బాడ్మింటన్ టోర్నమెంటు గెలిచారు. అయితే కథ ఆ గెలుపుతో ఆగలేదు. 2003లో ప్రభుత్వం గచ్చిబౌలిలో 5 ఎకరాలు ఇచ్చింది, ఆయన తన ఇల్లు తాకట్టు పెట్టారు, ఒక దాత 5 కోట్ల రూపాయలు ఇచ్చారు, 2008లో అకాడమీ మొదలైంది. సైనా 2012 పతకం, సింధు 2016 పతకం ఆ కోర్టుల మీద పడిన చెమట నుంచి వచ్చాయి. కరణం మల్లీశ్వరి కూడా అంతే. 2000లో సిడ్నీ పతకానికి చాలా ఏళ్ల ముందే, శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట పిల్లకు బరువులెత్తడం నేర్పిన నీలంశెట్టి అప్పన్న గారు ఉన్నారు.

నన్ను ఎక్కువగా కదిలించింది బాలికల మీద జరిగిన పరిశోధన. అమెరికాలో విద్యాసంస్థల్లో ఆడ, మగ వివక్షను నిషేధిస్తూ 1972లో చట్టం వచ్చింది. అప్పటికి హైస్కూలు జట్లలో ఆడే బాలికలు 3 లక్షల లోపే. ఇప్పుడు 30 లక్షలు దాటారు. ఆడే అలవాటున్న పిల్లలు సహజంగానే చురుకైనవారు కదా, వారి చదువులో ఆట గొప్పతనం ఎంతని ఎవరైనా అడగవచ్చు. బెట్సీ స్టీవెన్‌సన్ 2010లో ప్రచురించిన వ్యాసంలో ఆ చిక్కును తెలివిగా విప్పారు. అంతకు ముందు బాలురు ఎక్కువగా ఆడిన రాష్ట్రాలు, చట్టం వల్ల బాలికలకూ ఎక్కువ అవకాశాలు ఇవ్వవలసి వచ్చింది. అంటే అక్కడి పెరుగుదల పిల్లల స్వభావం వల్ల వచ్చింది కాదు. అటువంటి రాష్ట్రాలను మిగిలినవాటితో పోల్చి చూశారు. నూటికి మరో 10 మంది బాలికలు ఆటల్లోకి వస్తే, కాలేజీకి వెళ్లేవారు నూటికి ఒకరు, ఉద్యోగాల్లో చేరేవారు నూటికి ఒకరిద్దరు పెరిగారని తేలింది.

మన దేశం సంగతి 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చింది. 2022 నాటికి పెద్దవారిలో దాదాపు సగం మందికి చాలినంత శారీరక శ్రమ లేదు. మగవారిలో 42 శాతమైతే, ఆడవారిలో 57 శాతం.

ఇది చదివాక మన మైదానం వంక కొత్తగా చూశాం. సాయంత్రం అక్కడ ఆడపిల్లలు ఎందుకు లేరని తల్లులను అడిగితే చెప్పడానికి క్షణం పట్టలేదు. మైదానమంతా అబ్బాయిల క్రికెట్, చీకటి పడితే వెలుగు ఉండదు, మరుగుదొడ్డికి తాళం. తాళం చెవి ఇప్పుడు కాపలాదారు దగ్గరే ఉంటోంది. సాయంత్రం 5 నుంచి 6:30 వరకు సగం మైదానం బాలికలకు, మహిళలకు కేటాయించాం. మొదటి నెల అబ్బాయిలతో చాలా మాటలు నడిచాయి. వారి కోపం అర్థం చేసుకోదగినదే. ఉన్న ఒక్క చోటునే పంచుకోమన్నాం మరి. దగ్గరలోని ఒక పాఠశాల మైదానం ఆదివారాలు ఇవ్వమని రెండుసార్లు రాశాం, జవాబు రాలేదు. ఇప్పుడు ఖోఖోకు రెండు జట్ల పిల్లలు వస్తున్నారు. వారిని తీసుకొచ్చే అమ్మమ్మలు, నాన్నమ్మలు కూడా ప్రహరీ వెంట నడుస్తున్నారు.

పదేళ్ల లోపు పిల్లల పోటీల్లో కప్పులు, పాయింట్ల పట్టికలు తీసేశాం. నార్వేలో 11 ఏళ్లు వచ్చేదాకా పిల్లల ఫలితాల పట్టికలు ప్రకటించరు. జనాభా దాదాపు 55 లక్షలే ఉన్న ఆ దేశం 2022 శీతకాల ఒలింపిక్స్‌లో 16 స్వర్ణాలు గెలిచింది. కొందరు తల్లిదండ్రులకు ఈ మార్పు నచ్చలేదు. ఇంకో ఏడాది ఆగి చూడమని వారిని వేడుకుంటున్నాను.

ఆదాయ వ్యయాల పట్టికను కోశాధికారి విడిగా పంపారు. ప్రథమ చికిత్స పెట్టె కొనాలన్న పాత తీర్మానం ఈ ఏడాదీ అమలు కాలేదు. ఆ బాధ్యత నాది, వచ్చే నెలలోగా కొంటాను.

సర్వసభ్య సమావేశంలో రెండు తీర్మానాలు ఓటుకు వస్తాయి. మొదటిది, టోర్నమెంటుకు అనుకున్న డబ్బుతో మైదానానికి లైట్లు, బాలికలకు శిక్షకురాలు. రెండవది, అసలు ప్రతిపాదన ప్రకారం టోర్నమెంటు. కార్యవర్గం మొదటిదానిని సమర్థిస్తోంది. రాలేనివారు తమ అభిప్రాయాన్ని రాసి కార్యాలయంలోని పెట్టెలో వేయవచ్చు.

ఇట్లు,
కార్యదర్శి