బాయిలరు మాత్రం తుక్కుతో చేయలేదు

సంపాదకులకు నమస్కారం.

పోయిన నెల మీ జిల్లా పేజీలో నా ఫొటో వేశారు. మోకాలి ఎత్తు కూడా లేని ఆవిరి ఇంజిన్ పక్కన గొంతుక్కూర్చుని ఉన్నది నేనే. మా ఆవిడ ఆ ముక్క కత్తిరించి దేవుడి అర తలుపు మీద అంటించింది. వేసినందుకు సంతోషం. కానీ ‘తుక్కు సామానుతో బొమ్మ రైలు’ అని పెట్టిన హెడ్డింగ్ నాకు టెన్షన్ తెచ్చిపెట్టింది. బొమ్మ అన్నందుకు బాధ లేదు, మా మనవరాలూ అదే అంటుంది. తుక్కు అన్న మాటను మాత్రం దయచేసి సవరించండి.

వార్త వచ్చిన నాలుగో రోజు పరకాల వైపు నుంచి ఒక ఇంటర్ పిల్లగాడు బైకు మీద మా ఇంటికి వచ్చాడు. సంచిలో ఖాళీ ఏసీ గ్యాస్ సిలిండరు ఉంది. “తాతా, మీరు తుక్కుతోనే చేసిండ్రంట గదా. గిది బాయిలర్‌కు పనికొస్తదా? కింద పొయ్యి పెడ్తే ఆవిరి రాదా?” అని అడిగాడు. ఆవిరి ఎందుకు రాదు, వస్తుంది. నా భయమంతా అదే. అది ఒక్కసారి వాడి పారేసే పలుచని డబ్బా, నిప్పుల మీద పెట్టడానికి చేసింది కాదు. వాణ్ని కూర్చోబెట్టి చాయ్ ఇచ్చి, సిలిండరు నా దగ్గరే పెట్టుకున్నాను. ఆ తర్వాత వారంలో ఇంకో ఇద్దరు వచ్చారు. ఒకాయన పాత గీజరు ట్యాంకు ఫొటో ఫోన్లో చూపించాడు. అది చూడగానే నా కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టయింది. దాని సంగతి కింద చెప్తాను.

నేను కాజీపేట లోకో షెడ్డులో ఫిట్టరుగా పనిచేసి రిటైరయ్యాను. నా సర్వీసంతా డీజిల్, కరెంటు ఇంజిన్ల మీదే గడిచింది. ఆవిరి ఇంజిన్ మా నాయినది, ఆయన దాని పొయ్యిలో బొగ్గు వేసే ఫైర్‌మన్. షెడ్డుకు అన్నం గిన్నె తీసుకెళ్లిన రోజుల్లో ముక్కుకు పట్టిన వేడి నూనె, బొగ్గు పొగ వాసన ఇంకా పోలేదు. రిటైరయ్యాక మెట్ల కింద రేకుల గది వేసి, సెకండ్‌హ్యాండ్ లేత్ మిషన్ ఒకటి దించి, ఈ పని మొదలుపెట్టాను. నాలుగు చక్రాలు, రెండు సిలిండర్లు, పట్టాల మధ్య మూడున్నర అంగుళాలు, అంటే 89 మిల్లీమీటర్లు. మన పెద్ద లైనులో అదే దూరం 1676 మిల్లీమీటర్లు. ఇంత చిన్నదైనా వెనక ట్రాలీ మీద ఒక మనిషిని కూర్చోబెట్టుకుని లాగుతుంది. మూడేళ్ల మీద నాలుగు నెలలు పట్టింది.

విలేకరి అబ్బాయిది పూర్తి తప్పు కాదు. వచ్చిన రోజు నేనే గొప్పగా ఒక్కొక్కటీ చూపించాను. ఫ్రేము పలకలు గ్రిల్ షాపులో మిగిలిన ముక్కలు. బాయిలరు మీది పై తొడుగు నూనె డబ్బా రేకు. నీళ్లు కొట్టే పంపు పాత కారు జాకీది. ఇన్ని చెప్పాక ఎవరైనా తుక్కు అనే రాస్తారు. అసలు బాయిలరు గురించి ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. చెప్పకపోవడానికి ఒక కారణం సిగ్గు.

ఎందుకంటే నా మొదటి బాయిలరు తుక్కుతో చేసిందే. పాత గీజరు ట్యాంకు రాగి రేకు, మందం సుమారు ఒక మిల్లీమీటరు, దాని వయసెంతో ఎవరికి తెలుసు. పలకలు ఒత్తిడికి ఉబ్బకుండా లోపల పట్టి ఉంచే స్టేలకు తుక్కు కొట్టులో తూకానికి కొన్న ఇత్తడి బోల్టులు వాడాను. అతుకులు ఒక్క గ్యాస్ టార్చితో వేశాను. బయటికి చూస్తే ముద్దుగా ఉంది. మా ఆవిడ కూడా బాగుందన్నది, ఆమె ఊరికే అనదు. దాన్ని నిండా నీళ్లతో నింపి, లోపల గాలి బుడగ లేకుండా వంచి వంచి తీసేసి, జాకీ పంపుతో ఒత్తిడి పెంచాను. గేజి ముల్లు 60 పీఎస్ఐ, అంటే చదరపు అంగుళానికి 60 పౌన్లు, దాటింది. 70 దగ్గర కాస్త ఆగినట్టు ఆగి, టప్పున ఒక చప్పుడు, ముల్లు సున్నాకి పడిపోయింది. నా లుంగీ, పాదాలు తడిశాయి. వెనక పలక అతుకు జానెడు పొడుగున నోరు తెరిచి ఉంది.

నీళ్లు కాబట్టి అంతటితో పోయింది. నీరు నొక్కితే ముడుచుకోదు కనుక ఒక గరిటెడు బయటపడితే చాలు, ఒత్తిడి చచ్చిపోతుంది. ఆవిరైతే అలా కాదు. నా ఇంజిన్ నడిచేది 80 పీఎస్ఐ దగ్గర. ఇంట్లో కుక్కరు విజిల్ వేసేది 15 దగ్గర. 80 దగ్గర బాయిలరు లోపలి నీళ్లు 162 డిగ్రీల వేడి మీద ఉంటాయి. అప్పుడు రేకు చీలితే, ఒక్క లీటరు నీళ్లలో పదో వంతుకు పైగా అప్పటికప్పుడు ఆవిరై, దాదాపు 200 లీటర్ల చోటు అడుగుతుంది. మిగిలింది మరిగే నీళ్ల రూపంలో ముఖం మీదికొస్తుంది. బాయిలరు చివరి పలక వంద మిల్లీమీటర్ల వెడల్పుది, చిన్న తాంబాళమంత. దాని మీద పడే బలం 440 కిలోలు. ఎనుమాముల మార్కెట్‌లో పది మిర్చి బస్తాలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఆ తాంబాళం మీద పెట్టారనుకోండి.

కోసి చూస్తే తప్పు ఎక్కడుందో కనబడింది. రాగి వేడిని మింగేస్తుంది. ఒక్క టార్చి చాలక వెండి టంకం పైన బొట్లుగా గడ్డకట్టింది, అతుకు లోపలికి పారనే లేదు. ఇత్తడి బోల్టులు మరో తప్పు. బాయిలరు నీళ్లలో ఇత్తడిలోని జింకు మెల్లగా పోయి, మిగిలే రాగి స్పంజిలా గుల్లబారుతుంది. అక్కడ రాగిలో తగరం కలిసిన గన్‌మెటలో, బ్రాంజో వాడాలి. తుక్కు కొట్టువాళ్లకు పసుపు రంగుదంతా ఇత్తడే, ఏది ఏదో అడిగినా వాళ్లకూ తెలియదు.

రెండోసారి రెండున్నర మిల్లీమీటర్ల కొత్త రాగి పలక బిల్లుతో కొన్నాను. అంచులు వంచడం నా వల్ల కాక పెంబర్తి వెళ్లాను. ధ్వజస్తంభాల తొడుగులు కొట్టే ఒక పెద్దాయన రెండు రోజులు పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఉక్కును ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే గట్టిపడుతుంది, రాగి మెత్తబడుతుంది. ఆ మాత్రం నాకు తెలుసు. తెలియనిది, కొడుతూ ఉంటే మళ్లీ ఎప్పుడు బిగుసుకుందో కనిపెట్టడం. “చేతికి కాదు, చెవికి పని చెప్పు సారూ” అన్నాడు. మెత్తగా ఉన్నంతసేపు సుత్తి దెబ్బ దబ్‌మంటుంది. కణ్‌మని మోగితే ఆపేయాలి, మళ్లీ కాల్చాలి. ఆపకుండా కొడితే వంపు దగ్గర వెంట్రుకంత బీట పడుతుంది. ముందు పలక ఒక్కదానికే ఏడుసార్లు కాల్చాను.

అతుకులకు 55 శాతం వెండి ఉన్న కడ్డీలు తెప్పించాను. అవి 630 నుంచి 660 డిగ్రీల మధ్య కరుగుతాయి. మామూలు సోల్డరింగ్ తీగ 183 డిగ్రీలకే కరిగిపోతుంది, 162 డిగ్రీల నీళ్లకు అది ఎంత దూరమో మీరే చూడండి. కరీంనగర్‌లో వెండి తీగ పని చేసే ఒకాయన, టంకాన్ని మంటతో కాదు, వస్తువు వేడితో కరిగించాలని చెప్పాడు. ఈసారి రెండు టార్చిలు పెట్టాం. నాకు తోడు మా బావమరిది, చుట్టూ పొయ్యి ఇటుకలు. రాగి మొత్తం మసక ఎరుపుకు వచ్చాక కడ్డీ తగిలిస్తే, వెండి మెరుస్తూ అతుకంతా ఒక్క పరుగు పెట్టింది. ఆ ఒక్క క్షణం కోసం మళ్లీ మూడేళ్లు పనిచెయ్యమన్నా చేస్తాను. వెండి ఖర్చు మాత్రం మా ఆవిడకు ఇప్పటికీ పూర్తిగా చెప్పలేదు. ఇది చదివితే తెలుస్తుంది.

ఈ బాయిలరును 160 పీఎస్ఐ, అంటే నడిచే ఒత్తిడికి రెండింతల దగ్గర, అరగంట నీళ్లతో నిలబెట్టాను. ముల్లు కదల్లేదు. ఆ తర్వాతే నిప్పు వేశాను. సింగరేణి బొగ్గును శనగ గింజలంత కొట్టి వేస్తే బూడిదతో జల్లెడ పూడిపోతోంది, అందుకని కట్టెబొగ్గు కలుపుతున్నాను. మా బోరు నీళ్లకు కుక్కర్లోనే తెల్లగా పెచ్చు కడుతుంది, కాబట్టి వాననీళ్లే పోస్తాను. నడిపినంతసేపు నా కన్ను బాయిలరులో నీళ్లు ఎంత ఉన్నాయో చూపే గేజి గ్లాసు మీదే. “గ్లాసులో నీళ్లు కనబడకుంటే ముందు నిప్పు దించు, తర్వాత ఆలోచించు” అని మా నాయిన వందసార్లు చెప్పి ఉంటాడు.

ఇంకో సంగతి. మన దేశంలో బాయిలర్ల చట్టం 25 లీటర్ల లోపు వాటికి వర్తించదు. నా బాయిలరు పట్టేది లీటరున్నర. దీన్ని చూసే ఇన్‌స్పెక్టరు ఎవరూ లేరు. ఇంగ్లండులో ఇలాంటి ఇంజిన్లు చేసేవాళ్లు సంఘాలు పెట్టుకుని, ఒకరి బాయిలరు ఇంకొకరు పరీక్షించి కాగితం ఇస్తారు. వరంగల్‌లో ఐటీఐలు, పాలిటెక్నిక్‌లు ఇన్ని ఉన్నాయి. ఏ ఒక్కటైనా నెలకొక రోజు నీళ్ల పరీక్ష చేసిపెడితే నా పంపు, గేజి అక్కడే ఇచ్చేస్తాను.

మీరు పెద్ద వార్త వేయనక్కర్లేదు. ‘ఇంజిన్ తొడుగు తుక్కుది, బాయిలరు కొత్త రాగితో చేసి నీళ్ల ఒత్తిడితో పరీక్షించింది’ అని అదే పేజీలో రెండు లైన్లు వేయండి, చాలు. పరకాల పిల్లగాడు ఇప్పుడు ఆదివారాలు వస్తున్నాడు. ఫ్రేము పలకలు రెండూ జతగా బిగించి ఆకురాయి పడుతున్నాడు. అతని సిలిండరుకు నేను పది రంధ్రాలు వేసి ఉంచాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఫిట్టర్,
కాజీపేట.