చరిత్ర తరగతికి రాతలో నియమాలుండాలి

సంపాదకులు గారికి,

బడులు తెరిచిన మొదటి వారంలోనే హైస్కూలు చరిత్ర తరగతిలో ఏ పని ఎప్పుడివ్వాలో, మార్కులు దేనికి పడతాయో కాగితంమీద రాసి నోటుబుక్కు మొదటి పేజీలో అతికించాలి. తల్లిదండ్రుల సంతకమూ తీసుకోవాలి. నోటిమాటగా చెప్పింది దసరా సెలవుల దాకా కూడా ఆగదు.

అసలు చిక్కు ప్రాజెక్టులతోనే. ‘తెలంగాణ సాయుధ పోరాటం’ అని ఇస్తే జిరాక్స్ సెంటర్ నుంచి అందరికీ అవే నాలుగు పేజీలు వస్తాయి. అంశాన్ని కుదించాలి: ఊళ్లో ఒక పెద్దమనిషిని అడిగి ఒకే పేజీ, సొంత చేతిరాతలో. పేజీ పైభాగాన ఆ సంగతులు చెప్పినవారి వయసు, అడిగిన తేదీ. ప్రతి సంగతి పక్కన ‘చూసింది’ లేదా ‘విన్నది’ అని రాయాలి. ఇప్పుడు దొరికేది చాలావరకు విన్నదే, అందుకే ఈ గుర్తు తప్పనిసరి. ఆలస్యమైతే మార్కులు కోయడంకన్నా మధ్యాహ్న భోజనం అయ్యాక కూర్చోబెట్టి రాయించడం మేలు.

తేదీలు బట్టీ పట్టించే బదులు ఏడాదికి రెండు సెంటీమీటర్ల చొప్పున కాలరేఖ గీయించండి. 1946 జులై 4న దొడ్డి కొమరయ్య అమరుడయ్యారు, 1948 సెప్టెంబరు 17న నిజాం లొంగిపోయాడు, 1951 అక్టోబరులో పోరాట విరమణ జరిగింది. పోరాటం 1948తోనే ముగిసిందని రాసే పిల్లలకు మిగిలిన ఆరు సెంటీమీటర్లు కంటికి కనిపిస్తాయి.

పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి తీసుకెళ్తే సెల్ఫీలు తర్వాత. ముందు ఒక్కొక్కరూ ఒక స్తంభం బొమ్మ గీయాలి.

– సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయులు, నల్లగొండ