మంగలి కత్తికి సాన చక్రం వద్దు

సంపాదకుల వారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో పాత వస్తువులపై వచ్చిన వ్యాసంలో, ఇంట్లో మూలన పడి ఉన్న మంగలి కత్తిని సాన చక్రం మీద ఒక్కసారి పట్టిస్తే చాలు, మళ్లీ గడ్డం గీసుకోవచ్చని రాశారు. మూడేళ్ల కిందట సరిగ్గా ఆ పనే చేసి మా తాతగారి కత్తిని పాడుచేసుకున్నవాణ్ణి కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

చక్రం మీద నిప్పురవ్వలు లేస్తుంటే ముచ్చటగా చూశాను గానీ, అంచు వెంబడి నీలి చార దిగడం ఇంటికి వచ్చాకే గమనించాను. అంత వేడి తగిలిన ఉక్కు మెత్తబడి పదును నిలుపుకోదు. సాన పట్టినాయనను తప్పుపట్టలేను. ఆయన చేయి కూరగాయల కత్తులకు, కత్తెరలకు అలవాటు పడింది.

నూరే పద్ధతి నాకు నేర్పింది మా దేవరకొండలోనే ఉన్న ఒక నాయీబ్రాహ్మణ పెద్దాయన. "వెన్ను లేపకు సారూ, వెన్ను లేస్తే పని ఖరాబైతది" అన్నది ఆయన మొదటి పాఠం. వెన్ను అంటే అంచుకు ఎదురుగా ఉండే మందపాటి వైపు. కొడవలి నూరేటప్పుడు వాలును మన చేయి నిర్ణయిస్తుంది. ఈ కత్తికి మాత్రం వెన్ను మందమే వాలును నిర్ణయిస్తుంది కాబట్టి, వెన్నూ అంచూ రెండూ రాతికి ఆని ఉండేలా, బరువు మోపకుండా, అంచు ముందు నడిచేలా మడమ (పిడి వైపు కొస) నుంచి మొన దాకా ఏటవాలుగా తోసి, వెన్ను మీదుగా తిప్పి రెండో వైపు వెనక్కి తేవాలి. నీళ్లు చల్లిన 1000 నంబరు సానరాయి (నంబరు పెరిగేకొద్దీ రాయి నునుపు) మీద రెండు వైపుల వాలులూ అంచు పొడవునా కలిసేదాకా ఇదే పని. నాకు ఓపిక చాలక తొందరపడి 8000 రాయికి వెళ్లాను. మొద్దు అంచే అద్దంలా మెరిసింది తప్ప ఒక్క వెంట్రుకా తెగలేదు. మళ్లీ 1000 దగ్గర మొదలుపెట్టి, నీలి చార అరిగిపోయేదాకా నూరి, ఆ తర్వాతే 4000, 8000 రాళ్ల మీదికి వెళ్లాను. కత్తి వెడల్పు కొంత తగ్గింది.

చివరగా తోలు పట్టీ. దాని మీద వెన్ను ముందు నడవాలి, అంచు వెనక రావాలి. ఇది మరిచినందుకు నా మొదటి పట్టీ నిలువునా చీలింది. ఒకసారి పదును కుదిరాక రోజూ తోలు చాలు, కొన్ని నెలలకొకసారి రాయి. రాయి మధ్యలో గుంట పడితే అద్దం మీద పరిచిన గరుకు కాగితంపై రుద్ది చదును చేసుకోవాలి.

సెలూన్లలో మనిషి మనిషికీ బ్లేడు మార్చే కత్తి రావడం, రక్తం ద్వారా సోకే జబ్బుల దృష్ట్యా, మంచిదే. నేను చెబుతున్నది సొంత గడ్డానికి వాడుకునే సొంత కత్తి గురించి మాత్రమే. వచ్చే ఆదివారం సవరణ వేసేటప్పుడు, వెన్ను రాతికి ఆని ఉన్న బొమ్మ ఒకటి కూడా అచ్చువేయగలరని మనవి.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
దేవరకొండ, నల్లగొండ జిల్లా.